పాలబండిగా తిరిగే పాత జీపు – ఇంటి వద్ద సంరక్షణ

పాల రవాణాకు నేడు చిన్న వ్యానులు, టాంకర్లు ఎన్ని వచ్చినా, తారు రోడ్డు దిగి నాలుగైదు కిలోమీటర్లు లోనికి పోవలసిన ఊళ్ళలో పాత జీపు అవసరం ఇంకా తీరలేదు. నల్లరేగడి నేలలలోను, వాగులు దాటవలసిన ఏజెన్సీ గ్రామాలలోను వానాకాలం వచ్చిందంటే నాలుగు చక్రాలూ లాగే బండి మాత్రమే పాలడబ్బాలను శీతల కేంద్రానికి చేర్చగలదు. ఇలాంటి జీపులు కొన్ని చోట్ల సభ్యుల సొంతం, కొన్ని చోట్ల కిరాయి బండ్లు. వాటి వయస్సు ముప్పయి, నలభై సంవత్సరాలు దాటింది. కంపెనీ షోరూములలో వాటికి పనిచేసే మెకానిక్కులు అరుదు. కాబట్టి బండి యజమానే కొంత పని నేర్చుకోవలసి వస్తున్నది.

పితికినప్పుడు పాల వేడి పశువు శరీరపు వేడితో సమానం. మొదటి రెండు మూడు గంటలు ఎలాగో గడుస్తాయి. ఆ పైన, చల్లబరచని పాలలో సూక్ష్మజీవులు చాలా వేగంగా పెరిగి పులుపు ఎక్కుతుంది. కేంద్రంలో కాచి చూసే పరీక్షలో విరిగితే డబ్బాకు డబ్బా తిప్పి పంపుతారు. డబ్బాకు 40 లీటర్లు. బురదలో రెండు గంటలు దిగబడిన జీపులో పది డబ్బాలుంటే, ఎంతమంది సభ్యుల ఒక పూట రాబడి అందులో ఉన్నదో లెక్క వేసుకోవచ్చు.

ఇలా దిగబడిన బండ్లను పరిశీలిస్తే తరచు ఒకే సంగతి కనబడుతుంది. ఇంజను బాగుంటుంది, టైర్లు బాగుంటాయి. ముందు చక్రాల డ్రైవు మాత్రం పనిచేయదు. లీవరు పడదు, పడినా షాఫ్టు తిరగదు, తిరిగినా హబ్బులో పళ్ళు పోయి ఉంటాయి. సంవత్సరంలో ఎనిమిది నెలలు దానితో పనిలేదు కనుక ఎవరూ దానిని చూడరు. మృగశిర కార్తెలో వాన పడిన రోజున లీవరు లాగి చూస్తారు. అది అప్పటికే ఏ మాఘంలోనో చెడిపోయి ఉంటుంది. అందువలన ఈ వ్యాసంలో ఇంజను గురించి కొద్దిగాను, ముందు డ్రైవు గురించి ఎక్కువగాను చెప్పడం జరిగింది.

నాలుగు చక్రాలు ఎలా లాగుతాయి?

జీపు మొదట 1940ల ఆరంభంలో అమెరికా సైన్యం కొరకు తయారైన బండి. మన దేశంలో మహీంద్రా వారు 1940ల చివరి నుండి దానిని కూర్చి, తరువాత పూర్తిగా ఇక్కడనే తయారు చేశారు. 1980లలో ప్యూజో డీజిల్ ఇంజనుతో వచ్చిన ఎం.ఎం. 540 మన గ్రామాలలో బాగా పేరు పొందింది. ఇంజన్లు మారినా, నాలుగు చక్రాల ఏర్పాటు మూలంలో ఒకటే.

గేరు బాక్సు వెనుక రెండవ పెట్టె ఒకటి ఉంటుంది. దీనిని ట్రాన్స్‌ఫర్ కేసు అంటారు. దీని నుండి ఒక ప్రొపెల్లర్ షాఫ్టు వెనుక హౌసింగుకు, మరొకటి ముందు హౌసింగుకు పోతాయి. మామూలుగా వెనుక షాఫ్టుకే శక్తి అందుతుంది. చిన్న లీవరు వేసినప్పుడు ముందు షాఫ్టు కూడా దానితో జతపడుతుంది. రెండవ చిన్న లీవరు ‘లో’ గేరుది. ఇది వేగం తగ్గించి లాగే బలం పెంచుతుంది. చాలా పాత జీపులలో ముందు డ్రైవు తగిలించిన తరువాతనే ‘లో’ పడుతుంది. ముందు డ్రైవు తగిలించకుండా ‘లో’ లీవరుతో కుస్తీ పట్టి లోపలి ఫోర్కులు వంచినవారు ఉన్నారు. బండిని దాదాపు ఆపి, క్లచ్ పూర్తిగా తొక్కి, ముందు డ్రైవు వేసి, ఆ తరువాత ‘లో’ వేయాలి.

ఇక్కడ ముఖ్యమైన విషయం ఒకటి ఉన్నది. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాలకంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. ఎడ్లబండి మలుపు తిరిగినప్పుడు బయటి చక్రం ఎక్కువ తిరగడం అందరూ చూసినదే. ఇదీ అలాంటిదే. కాని ట్రాన్స్‌ఫర్ కేసులో ముందు, వెనుక షాఫ్టులు గట్టిగా జతపడి ఒకే వేగంతో తిరుగుతాయి. ఈ తేడా ఎక్కడో తీరాలి. బురదలోను, ఇసుకలోను చక్రం కొద్దిగా జారి తేడా తీరిపోతుంది. ఆరిన తారు రోడ్డు మీద చక్రం జారదు. ఆ బిగువు అంతా షాఫ్టులు, క్రాసులు, గేరు పళ్ళ మీద పడుతుంది. లీవరు బిగుసుకుపోయి వెనక్కు రాదు. సుత్తితో కొట్టే పని పెట్టుకోవద్దు. బండిని తిన్నగా నాలుగైదు గజాలు వెనక్కు నడిపితే బిగువు వదలుతుంది, లీవరు చేతికి వస్తుంది. రాకపోతే ఒక పక్క చక్రాలను రోడ్డు పక్క మెత్తని మట్టిలోకి దింపి చూడాలి.

తారు రోడ్డు మీద, సిమెంటు రోడ్డు మీద ముందు డ్రైవు వేయరాదు. ఇది నిబంధన అనుకోవాలి. ఇదే కారణం చేత నాలుగు టైర్లూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదలతో ఉండాలి. ముందు అరిగినవి, వెనుక కొత్తవి వేసి నాలుగు చక్రాల డ్రైవులో నడిపితే, తిన్నగా పోతున్నా షాఫ్టులు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటూనే ఉంటాయి.

నెలకు ఒకసారి కదిలించాలి

వాడని ముందు డ్రైవును కాపాడే మార్గం చాలా సులభం. నెలకు ఒకసారి పొలం దారిలోనో, చెరువు కట్ట పక్క మెత్తని నేలలోనో డ్రైవు వేసి రెండు మూడు కిలోమీటర్లు నడపాలి. ‘లో’ కూడా ఒకసారి వేసి తీయాలి. లీవరు కడ్డీలకు తుప్పు పట్టదు. లోపలి పళ్ళకు, బేరింగులకు నూనె అందుతుంది. ముందు చక్రాల మధ్యలో చేతితో తిప్పే హబ్బులు ఉన్న బండ్లలో ఈ పని మరీ అవసరం. ఆ హబ్బు వదిలి ఉంచితే ముందు హౌసింగు లోపలి భాగాలు అసలు తిరగవు. నూనె అడుగున ఉంటుంది, పైన పళ్ళు ఎండిపోయి చెమ్మకు తుప్పు పడతాయి. హబ్బులు రెండూ ‘లాక్’ వైపు తిప్పినప్పుడే నాలుగు చక్రాలు లాగుతాయన్నది డ్రైవరు మారినప్పుడల్లా చెప్పవలసిన మాట. ఒకటి తిప్పి రెండవది మరచిపోయి, ముందు డ్రైవు పోయిందని షెడ్డుకు తీసుకువెళ్ళిన బండ్లు లేకపోలేదు.

ఈ పరీక్ష రోహిణి కార్తెలోపు తప్పక జరగాలి. లోపం ఉంటే వానలకు ముందు బాగు చేయించుకోవడానికి పదిహేను రోజుల వ్యవధి దొరుకుతుంది. సామాను పట్నం నుండి రావలసి ఉంటే ఆ వ్యవధి కూడా చాలదు.

నూనెలు, నీరు

పాత జీపుకు నాలుగు చోట్ల గేరు ఆయిల్ చూడాలి: గేరు బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు హౌసింగు, వెనుక హౌసింగు. ప్రతిదానికి పక్కన నింపే బోల్టు, అడుగున దించే బోల్టు ఉంటాయి. పక్క బోల్టు విప్పి వేలు పెడితే నూనె రంధ్రం అంచు వరకు తగలాలి. నూనె మార్చేటప్పుడు ముందుగా నింపే బోల్టు విప్పాలి, తరువాతనే అడుగు బోల్టు. ఎందుకంటే, అడుగు బోల్టు విప్పి నూనె అంతా దించేశాక, నింపే బోల్టు తుప్పు పట్టి రాకపోతే బండి అక్కడే నిలిచిపోతుంది. పూట పాలు ఎవరు మోయాలి?

కొన్ని పాత జీపులలో గేరు బాక్సు నూనె లోపలి నుండే ట్రాన్స్‌ఫర్ కేసులోకి చేరుతుంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసు నిండుగా ఉన్నదని సంతోషించి గేరు బాక్సు చూడనివారు తరువాత గేరు బాక్సు ఖర్చు పెట్టుకున్నారు. రెండూ చూడాలి. హౌసింగులలో క్రౌన్, పినియన్ పళ్ళు ఒకదానిపై ఒకటి ఒరుసుకుంటూ తిరుగుతాయి కనుక వాటికి హైపాయిడ్ గేర్లకు తగిన ఇ.పి. 90 రకమే వాడాలి. గేరు బాక్సులో ఇత్తడి, కంచు భాగాలు ఉంటాయి. హౌసింగుకు పనికివచ్చే ఘాటైన నూనె వాటికి పడకపోవచ్చు. బండి పుస్తకంలో చెప్పిన రకాన్నే అడిగి కొనాలి. విడిగా అమ్మే నల్లటి నూనె ఎంత చౌక అయినా వద్దు.

వేలికి తగిలిన నూనె పాలలాగా తెల్లబడి ఉంటే అందులో నీరు చేరినట్లు. పాడి పరిశ్రమలో తెల్లదనం చూసి భయపడవలసిన చోటు బహుశా ఇదొక్కటే. నీరు ఎలా చేరుతుందో తెలిస్తే ఆపడం కష్టం కాదు. హౌసింగు పైన చిన్న గాలి గొట్టం, దాని మీద బొత్తాం వంటి మూత ఉంటాయి. దీనిని బ్రీదరు అంటారు. ఎక్కువ బండ్లలో ఇది మట్టి గడ్డకట్టి మూసుకుపోయి ఉంటుంది. దూరం నడిచి వేడెక్కిన హౌసింగు వాగు నీటిలో దిగగానే లోపలి గాలి చల్లబడి కుదించుకుంటుంది. బ్రీదరు మూసుకుపోతే ఆ గాలి ఖాళీని నింపడానికి ఆయిల్ సీళ్ళ అంచుల గుండా నీటిని పీల్చుకుంటుంది. నేల మీద నడిచి మరల వేడెక్కినప్పుడు గాలి వ్యాకోచించి, ఈసారి నూనెను సీళ్ళ గుండా బయటికి నెడుతుంది. ఆ నూనె బ్రేకు డ్రమ్ములో చేరితే బ్రేకు పట్టదు. ఇంత నష్టానికి మూలం గోళీకాయంత మూత! నెలకొకసారి దానిని విప్పి డీజిలుతో కడిగి, ఊది చూసి బిగించాలి. చక్రాల ఇరుసు మునిగేంత నీటిలో దిగిన తరువాత, ఆ వారంలోనే నాలుగు చోట్ల నూనె రంగు చూడాలి. తెల్లబడితే ఖర్చుకు వెనుదీయక మార్చాలి. నీరు కలిసిన నూనెతో బేరింగులు గుంటలు పడతాయి.

వాగు నీరు ఎంత లోతున్నా దాటవచ్చని నాలుగు చక్రాల బండి భరోసా ఇవ్వదు. పారే నీరు మోకాలు లోతు ఉన్నా బండిని పక్కకు తోయగలదు. అలాంటప్పుడు పాలను అవతలి గట్టు వరకు మనుషులు మోయడమో, పూట మానుకోవడమో మేలు.

గ్రీజు గన్ను పని

వారానికి ఒక గంట చాలు. ప్రొపెల్లర్ షాఫ్టుల చివర క్రాసులు, షాఫ్టు జారే జాయింటు, స్టీరింగు రాడ్ల చివరలు, కమాను షాకిళ్ళు, పెడళ్ళ ఇరుసు – వీటి మీద నిపుళ్ళు ఉంటాయి. ముందు గుడ్డతో నిపులు తుడవాలి. తుడవకుండా గన్ను పెడితే గ్రీజుతో పాటు ఇసుక కూడా లోపలికి పోతుంది. పాత గ్రీజు పక్కల నుండి బయటికి వచ్చి కొత్తది కనబడేవరకు కొట్టాలి. గ్రీజు పోకపోతే నిపులు మూసుకుపోయి ఉంటుంది. అలాగే వదలక విప్పి శుభ్రం చేయాలి, లేదా కొత్తది వేయాలి. నిపులు ఖరీదు స్వల్పం. క్రాసు విరిగి షాఫ్టు రోడ్డుకు గుచ్చుకుంటే బండి పల్టీ కొట్టవచ్చు.

క్రాసు ఎండిపోతే మెల్లగా నడిచేటప్పుడు పిచ్చుక కిచకిచలాడినట్లు శబ్దం వస్తుంది. బాగా అరిగితే క్లచ్ వదిలే క్షణంలో ‘టక్’మంటుంది. బండి ఆపి, అడ్డులు పెట్టి, షాఫ్టును చేతితో అటూ ఇటూ తిప్పి చూస్తే ఆట తెలుస్తుంది. షాఫ్టు జాయింటును విప్పవలసి వస్తే, విప్పకముందే రెండు భాగాల మీద సుద్దతో కాక ఉలితో చిన్న గుర్తు పెట్టాలి. సుద్ద చెరిగిపోతుంది. గుర్తు తప్పి ఒక పన్ను పక్కకు కూర్చితే రెండు చివరల క్రాసులు ఒకే వరుసలో ఉండవు, బండి వణుకు పడుతుంది, ఆ వణుకు ఎక్కడిదో ఎంత వెదికినా దొరకదు.

ముందు చక్రాలు

ముందు చక్రాల లోపలివైపు నున్నని గోళం వంటి భాగం ఉంటుంది. చక్రం తిరగడానికి వీలుగా దాని లోపల షాఫ్టుకు ఒక జాయింటు ఉంటుంది. గోళం చుట్టూ ఉన్న ఫెల్టు పట్టీ దుమ్మును తుడుస్తూ, లోపలి గ్రీజును ఆపుతుంది. గోళం మీద తుప్పు గుంటలు పడితే ఫెల్టు చిరిగి గ్రీజు కారిపోతుంది, నీరు లోపలికి చేరుతుంది. బండి ఎక్కువ రోజులు నిలిపి ఉంచేటప్పుడు చక్రాలను తిన్నగా ఉంచి, కనబడే గోళం మీద పల్చగా గ్రీజు రాయాలి. లోపల వేసేది గ్రీజా, గేరు ఆయిలా అనేది బండి పుస్తకం ప్రకారం నిర్ణయించుకోవాలి. మరీ గట్టి గ్రీజు వేస్తే అది గోడలకు అంటుకొని జాయింటు ఎండిపోతుంది.

నలభై కిలోమీటర్ల వేగంలో గుంతలో పడగానే స్టీరింగు చేతిలో ఆగకుండా ఊగడం పాత జీపుల జబ్బు. కొందరు వెంటనే స్టీరింగు బాక్సు మార్చమంటారు. ముందు ఈ పరీక్ష చేయాలి. ముందు చక్రాన్ని పైకి లేపి, పైన ఒక చేయి, కింద ఒక చేయి పెట్టి లోపలికి, బయటికి ఊపాలి. ఆట ఉంటే రెండవ మనిషిని కూర్చోబెట్టి బ్రేకు తొక్కమనాలి. బ్రేకు తొక్కినప్పుడు ఆట పోతే లోపం చక్రం బేరింగులో ఉన్నది. తొక్కినా ఆట అలాగే ఉంటే కింగ్ పిన్నులో ఉన్నది. ఈ చిన్న ఉపాయం వలన అనవసరంగా సామాను కొనే బాధ తప్పుతుంది. కింగ్ పిన్నుల బిగువు పల్చని రేకు షిమ్ముల లెక్కతో ఉంటుంది. అది అనుభవం ఉన్న మెకానిక్కు చేతనే చేయించాలి. చక్రం బేరింగు బిగువు మాత్రం నేర్చుకోదగినదే. హబ్బు మూత, ఫ్లాంజి విప్పితే లోపల రెండు పెద్ద నట్లు, మధ్య మడత వాషరు కనబడతాయి. లోపలి నట్టును చక్రం తిప్పుతూ, తిరగడం బరువయ్యేవరకు బిగించి, సుమారు ఆరవ వంతు చుట్టు వదలాలి. వాషరు వేసి, బయటి నట్టు బిగించి, వాషరు అంచు మడవాలి. పది కిలోమీటర్లు నడిచాక హబ్బు మీద చేయి పెడితే వెచ్చగా ఉండవచ్చు గాని చేయి కాలకూడదు.

కొన్ని పాత జీపులలో ఎడమవైపు చక్రాల నట్లు వ్యతిరేక మరతో ఉంటాయి. బోల్టు చివర ‘ఎల్’ అక్షరం చూసి తెలుసుకోవచ్చు. తెలియక బలం ఉపయోగించి బోల్టులు విరగగొట్టరాదు.

బండి కిందికి దూరే ముందు

ఈ భాగాన్ని బండి లేని సభ్యులు కూడా చదవాలి. సాయానికి పిలిచేది ఇంటి పిల్లలనే కదా.

చాలా పాత జీపులలో చేతి బ్రేకు చక్రాల మీద పనిచేయదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక, షాఫ్టు మొదట్లో ఒక చిన్న డ్రమ్ము ఉంటుంది. చేతి బ్రేకు దానిని పట్టి ఉంచుతుంది. అంటే షాఫ్టు ఆగుతుంది, షాఫ్టు ఆగితే వెనుక చక్రాలు ఆగుతాయి. రెండు చక్రాలూ నేల మీద ఉన్నంతవరకు ఇది నిజం. జాకీతో ఒక వెనుక చక్రాన్ని లేపగానే పరిస్థితి మారిపోతుంది. హౌసింగులోని డిఫరెన్షియల్ వలన, షాఫ్టు కదలకుండానే లేచిన చక్రం ఒకవైపు, నేల మీది చక్రం మరొకవైపు తిరగగలవు. చేతి బ్రేకు పూర్తిగా లాగి ఉన్నా బండి దొర్లుతుంది, జాకీ మీద నుండి పడుతుంది. గేరులో పెట్టినా అంతే, గేరు కూడా అదే షాఫ్టును పట్టుకుంటుంది. కింద మనిషి ఉంటే ప్రాణానికే ముప్పు.

కాబట్టి జాకీ పెట్టకముందే నేల మీద ఉండబోయే చక్రాలకు ముందు, వెనుక చెక్క అడ్డులు పెట్టాలి. వెనుక చక్రం లేపుతుంటే ముందు డ్రైవు కూడా తగిలించి ఉంచితే కొంత అదనపు బలం. అయినా అడ్డులు తప్పవు. జాకీ లేపడానికి మాత్రమే, మోయడానికి కాదు. లేపిన తరువాత చాసీ కింద గట్టి కర్ర దిమ్మలు లేక ఇనుప స్టాండ్లు పెట్టి, వాటి మీదికి బరువు దింపి, బండిని చేతితో ఊపి చూసి, అప్పుడు కిందికి పోవాలి. ఇటుకలు పేర్చరాదు. ఇటుక పగిలేముందు చెప్పదు. వానకు నానిన నేల మీద జాకీ కింద వెడల్పాటి పలక వేయాలి.

బ్రేకులు, ఇంజను

బ్రేకు నూనె పాత్రలో మట్టం వారానికొకసారి చూడాలి. తగ్గుతుంటే ఎక్కడో కారుతున్నట్లే, పోసి ఊరుకుంటే సరిపోదు. పాత జీపులలో నాలుగు చక్రాలకూ ఒకే గొట్టం వరుస. ఒక చోట పగిలితే నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. బ్రేకు నూనె బదులు ఇంజను ఆయిల్ గాని, మరే ఆయిల్ గాని పోస్తే రబ్బరు కప్పులు ఉబ్బి మొత్తం పాడవుతాయి. డ్రమ్ములు విప్పి కొత్త కప్పులు వేయడం, స్టీరింగు రాడ్ల మరమ్మతు, ఇంజెక్షను పంపు సరిచేయడం, క్రౌన్ పినియన్ అమరిక – ఇవి ఇంటి పనులు కావు. స్టీరింగు భాగాలకు వెల్డింగు చేయించడం ఎవరు చెప్పినా ఒప్పుకోరాదు.

డీజిల్ ఇంజను గురించి రెండే మాటలు. ఫిల్టరు అడుగున చేరిన నీటిని వారానికొకసారి దించాలి. గాలి చేరి ఇంజను ఆగితే, ఫిల్టరు పైన ఉన్న చిన్న స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు లేని డీజిల్ వచ్చేవరకు ఆగి బిగించాలి. ఇక నూనె గిన్నె ఉన్న ఎయిర్ క్లీనరును దుమ్ము దారులలో తిరిగే బండికి వారం వారం కడగాలి. గిన్నెలో గుర్తు వరకే నూనె పోయాలి. ఎక్కువ పోస్తే ఇంజను ఆ నూనెను పీల్చుకొని, తాళం తీసినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉన్నది.

పాలు ఒలికిన బండి

ఇది మన పాలబండ్లకు ప్రత్యేకమైన సమస్య. నిండు డబ్బా సుమారు 50 కిలోల బరువు. గతుకుల్లో డబ్బాలు ఊగి పాలు ఒలుకుతాయి. నేల రేకు అతుకుల్లో చేరిన పాలు పులిసి, అందులోని ఆమ్లం రంగును, తరువాత ఇనుమును తింటుంది. వెనుక అడ్డ కమ్మీ, బాడీ బోల్టులు, కమాను తగిలించే బ్రాకెట్లు ముందుగా పోయేది ఇందువలననే. పాలు దించిన వెంటనే నేలను మామూలు నీటితో కడిగి, నీరు పోవడానికి ఉన్న రంధ్రాలను పుల్లతో పొడిచి తెరవాలి. మోపురంలాగా గోనె సంచులు పరచి వాటిని నెలల తరబడి తీయకపోవడం కంటే రేకును శుభ్రంగా ఉంచడం మంచిది. తడి గోనె కింద రేకు ఒకటి రెండు వానాకాలాలలోనే చిల్లు పడుతుంది.

పశువుల కొట్టం పక్కన మరమ్మతు

ఇంటి వద్ద మరమ్మతు అంటే మన ఇళ్ళలో పశువుల కొట్టం పక్కనే. ఇది పట్నంలోని షెడ్డుకు లేని చిక్కు.

పశువులు ఏదైనా నాకుతాయి. పాత బ్యాటరీ పలకలలోని సీసానికి తియ్యటి, ఉప్పని రుచి ఉండడం వలన దూడలు ఇష్టంగా నాకుతాయి. సీసం విషం. దూడ గుడ్డిదైనట్లు గోడలకు తగులుతూ, పళ్ళు కొరుకుతూ, వణుకుతూ పడిపోతుంది. చాలాసార్లు పిచ్చికుక్క కరిచిందేమో అనుకొని అసలు కారణం వెదకరు. బతికిన పాడి పశువు పాలలోకి కూడా సీసం వస్తుంది. పాత బ్యాటరీని గడ్డివాము పక్కన, కొట్టం చూరు కింద ఉంచరాదు. పగిలిన బ్యాటరీ అయితే ఆ చోటి మట్టిని కూడా తీసివేయాలి. కొత్త బ్యాటరీ కొన్న దుకాణం వారు పాతదానిని తీసుకొని కొంత ధర తగ్గిస్తారు, అప్పుడే ఇచ్చివేయడం మేలు.

రేడియేటరులో పోసే రంగు కూలెంటు తియ్యగా ఉంటుంది. అది కూడా పశువులకు, కుక్కలకు ప్రాణాంతకం. దించేటప్పుడు తొట్టిలో పట్టాలి, నేల మీద వదలరాదు. పశువులు నీరు తాగే తొట్టిని, దాణా బక్కెటును ఈ పనికి ఎప్పుడూ వాడరాదు. ఎంత కడిగినా నూనె వాసన పోదు, పాలకు ఆ వాసన పట్టవచ్చు.

ఇంజను నుండి దించిన నల్ల నూనెను గోమార్లకు, పిడుదులకు, గజ్జికి పశువు ఒంటికి పూసే అలవాటు కొన్ని ఊళ్ళలో ఉన్నది. గోమార్లు రాలినట్లు కనబడవచ్చు. కాని వాడిన నూనెలో అరుగుదల లోహాలు, కాలిన మసి, క్యాన్సరు కలిగించే పదార్థాలు ఉంటాయి. పశువు తన ఒంటిని తాను నాకుతుంది, దూడను నాకుతుంది. పొదుగు దగ్గర పూస్తే పాలు పితికే చేతికి, పాత్రకు చేరుతుంది. గోమార్లకు పశువైద్యశాలలో మందు దొరుకుతుంది, దానిని వారు చెప్పిన కొలతలో వాడాలి. నల్ల నూనెను మూత ఉన్న డబ్బాలో దాచి, వాడిన నూనె కొనేవారికి ఇవ్వాలి. బావి దగ్గర గాని, కాలువలో గాని పారబోయరాదు.

గ్రీజు డబ్బా, నూనె గుడ్డలు, గన్ను – వీటికి కొట్టానికి దూరంగా ఒక మూత పెట్టె ఏర్పాటు చేసుకోవాలి. అదే పెట్టెలో ఒక క్రాసు, ఫ్యాను బెల్టు, డీజిల్ ఫిల్టరు, నాలుగు నిపుళ్ళు, బ్రేకు నూనె సీసా, రెండు చెక్క అడ్డులు ఉంచితే వానాకాలపు పూటకు బండి సిద్ధంగా ఉంటుంది. బ్రేకు నూనె సీసా మూత గట్టిగా బిగించి ఉండాలి. అది గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది కనుక, నిరుడు తెరచిన సీసా ఈ ఏడు పనికిరాదు.